లేపాక్షి కప్పు మీద నేత బట్ట

హిందూపురం దాటితే ఎర్రనేల, బోడిగుట్టలు, వేరుశనగ చేలు. వాన కోసం మొగులు చూస్తూ బతికే సీమ. సముద్రం ఇక్కడికి చాలా దూరం. అయినా లేపాక్షి వీరభద్రుడి గుడికి వస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది ఒక సముద్రతీరపు చిత్రం.

చెన్నపట్నంలోని సెయింట్ జార్జి కోట చిత్రం అది. 1731 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ లండన్‌లోని తన కార్యాలయం కోసం వేయించిన ఆరు రేవుల చిత్రాల్లో ఒకటి. నేలనూ కట్టడాలనూ జార్జ్ లాంబర్ట్ గీశాడు, ఓడలను శామ్యూల్ స్కాట్ గీశాడు. ఇద్దరూ ఈ దేశం మొహం చూడలేదు. ముందు పెద్ద పెద్ద తెరచాప ఓడలు, వెనక కోట గోడలు. ఆ ఓడలు దేనికోసం వచ్చాయో మాత్రం అందులో లేదు. అవి వచ్చింది మన నేతబట్ట కోసం, అద్దకం బట్ట కోసం.

ఆ బట్టను చూడాలంటే లేపాక్షి నాట్యమంటపంలో తలెత్తాలి. ఇక్కడికి వచ్చినవాళ్లు వేలాడే స్తంభం కింద నుంచి కండువా లాగి సంబరపడి వెళ్లిపోతారు. పైకప్పు మీది రంగుబొమ్మల్లో మాత్రం పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం నడుస్తూ ఉంటాయి. నన్ను కట్టిపడేసింది కథల కంటే కట్టుబట్టలే. చారలు, గళ్లు, పూలు, పెద్ద అంచులు. ఒకామె చీర ఇంకొకామె చీరలా ఉండదు. మగవాళ్ల తలమీద పొడుగాటి కుళ్లాయిలు. కావి ఎరుపు, పసుపు, నలుపు, సున్నపు తెలుపు. నీలం జాడే లేదు. ఇంత శ్రద్ధగా బట్టను గీసినవాడికి మగ్గం తెలిసే ఉంటుందని నా నమ్మకం.

విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో పెనుకొండ కోశాధికారి విరూపణ్ణ ఈ గుడిని కట్టించాడని చెబుతారు. 1565లో విజయనగరం పతనమయ్యాక ఆ పెనుకొండే రాజధాని అయింది. ఆనక అక్కడి నుంచి ఏలిన ఆరవీటి రాజులు చంద్రగిరికి తరలిపోయారు. 1639లో చెన్నపట్నం ఇసుకనేలను ఆంగ్లేయులకు రాసిచ్చిన దామర్ల నాయకుడు వాళ్ల సామంతుడే. 1645లో శ్రీరంగరాయలు మళ్లీ పట్టా ఇచ్చాడు. ఆ కోట గోడల కింది నేలకు హక్కు వచ్చింది ఒకప్పుడు ఈ మెట్టసీమ నుంచి ఏలిన వంశం చేతుల మీదుగానే. లండన్ చిత్రకారుల చిత్రంలో ఆ వంశానికి చోటు లేదు.

లతామంటపం స్తంభాల మీది తీగలనూ పూలనూ నేతగాళ్లు ఇప్పటికీ చీరల అంచుల్లోకి దించుతున్నారు. పైకప్పు రంగులు మాత్రం చాలాచోట్ల రాలిపోయి గచ్చు బయటపడింది. లాంబర్ట్, స్కాట్‌ల చిత్రం బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉంది. దానికంటే దాదాపు 200 ఏళ్లు పెద్దదైన ఈ బొమ్మలకూ అంత సంరక్షణ కావాలి, అదీ ఉన్న రంగు రాలకముందే.