సీతాకోకచిలుకలకు ఆతిథ్యము

సీతాకోకచిలుకలు మన యింటికి రావలెనన్నచో పూలమొక్కలు నాటిన చాలునని పెక్కుమంది తలంతురు. అది సగము మాత్రమే నిజము. మా హోసూరు ప్రాంతము గులాబీలకు పేరొందినది. కాని గులాబీలో తేనె మిక్కిలి తక్కువ. అది కంటికింపైనంతగా సీతాకోకచిలుక నోటికి ఇంపు కాదు. బంతి, నూరువరహాలు, తులసి కంకి, దారిప్రక్కన మొలచు గడ్డిచామంతి దానికి విందు చేయును. ఐనను తేనె త్రాగి పోవుట వేరు, కాపురముండుట వేరు. అది మన పెరటిలో పిల్లలను పెట్టవలెనన్నచో పూవు చాలదు, ఆకు కావలెను.

ఏ మొక్క తన పిల్లలకు ఆహారమగునో తల్లి సీతాకోకచిలుక బాగుగా నెఱుగును. అది ఆకుపై వ్రాలి ముంగాళ్లతో తట్టి చూచును. దాని పాదములకును రుచి తెలియు శక్తి కలదు. నారింజ వన్నెగల యొక జాతి జిల్లేడుపై గ్రుడ్లు పెట్టును. మఱియొకటి ఆముదపు చెట్టును, వేఱొకటి రేలచెట్టును, ఇంకొకటి సీతాఫలమును, నరమామిడిని వెదకికొని పోవును. నల్లని రెక్కలపై తెల్లని చుక్కల వరుసగల జాతికి నిమ్మయు, కరివేపయు ప్రియములు. దీనిని ఆంగ్లేయులు 'కామన్ మోర్మన్' అని పిలిచిరి.

మా పెరడు నాలుగు బారల పొడవు, రెండు బారల వెడల్పు గలది. అందు మా అవ్వ నాటిన కరివేపచెట్టు కలదు. మా పోపునకే గాక వీథిలోని నాలుగిండ్లకును అదియే ఆధారము. గత సంవత్సరము ఆషాఢమాసములో దాని లేతాకులు కొన్ని చిల్లులు పడినవి, కొన్నింటికి ఈనెలే మిగిలినవి. వెదకి చూడగా పదునొకండు పురుగులు కనబడెను. చిన్నవి పక్షిరెట్టవలె నుండెను. పెద్దవి ఆకుపచ్చనై ఆకులో కలిసిపోయియుండెను. ఒకదానిని పుల్లతో తాకగా, అది తలవెనుకనుండి చీలిన యెఱ్ఱని కొమ్మువంటి దానిని వెలికి తీసి, ఘాటైన వాసన విడిచెను. శత్రువులను బెదరించుటకు దానికి గల యాయుధమదియే.

మా నాయన అంగడినుండి పురుగుమందు తెత్తుననెను. అవ్వకు కోపము వచ్చెను. "పోపుకు నాలుగు రెబ్బలు కావాలంటే ఇంక పురుగుల్నడిగి కోయాల్నా?" అనెను. అవి పురుగులు కావనియు, సీతాకోకచిలుక పిల్లలనియు చెప్పి నేను బ్రతిమాలితిని. అవ్వ చాలసేపు చెట్టును చూచి, "తూరుపు కొమ్మ వాటికిస్తా. దాన్ని దాటి వస్తే మాత్రం నేనూరుకోను" అని తీర్పు చెప్పెను. నేను పురుగులను ఆకులతో సహా మెల్లగా తెచ్చి ఆ కొమ్మపై నుంచితిని. నాయన మందు తేలేదు.

వారము తిరుగకముందే ఐదు పురుగులను పక్షులును కందిరీగలును ఎత్తుకొనిపోయెను. మఱి రెండు కనబడలేదు. మిగిలిన నాలుగింటిని గాజుసీసాలో దాచవలెనని నాకు తోచెను. అవ్వ వలదనెను. "సీసాలో పెట్టి సాకేదానికి తోటెందుకు? పక్షిపిల్లలకూ ఆకలైతాది కదా" అనెను. ఆ మాటకు నాయొద్ద బదులు లేకపోయెను. పురుగులు ఉన్నచోటనే ఉండెను.

ఆ నాలుగును కొమ్మకు పట్టుదారముతో నడుము కట్టుకొని, కదలక మెదలక గూళ్లుగా మాఱెను. ఒక గూటినుండి సీతాకోకచిలుకకు మాఱుగా చీమలకన్న చిన్నవైన కందిరీగలు గుంపుగా వెలువడెను. వాని తల్లి అందు ముందే గ్రుడ్లు పెట్టినదన్నమాట. కడకు మిగిలినవి మూడు.

పదవనాటి యుదయమున అవ్వయే నన్ను కేకవేసి పిలిచెను. గూడు చీల్చుకొని వచ్చిన ప్రాణి తడిసిన గుడ్డపీలికవంటి రెక్కలతో వ్రేలాడుచుండెను. ఒడలిలోని ద్రవము రెక్కల యీనెలలోనికి ప్రవహించుకొలది అవి విచ్చుకొనెను. అవి ఆఱువఱకు అవ్వ పొయ్యి సంగతి మఱచి అచ్చటనే కూర్చుండెను. తుదకు అది ఎగిరి గోడ దాటిపోయెను. ప్రక్కయింటి తమిళ బాలుడు "వణ్ణత్తుప్పూచ్చి!" అని అఱచెను. ఎదురింటి కన్నడ బాలిక "చిట్టె!" అనెను. మేము సీతాకోకచిలుక యంటిమి.

సోదర విద్యార్థులారా! మాకు దూరము కాని బన్నేరుఘట్టములో 2006వ సంవత్సరమున సీతాకోకచిలుకల ఉద్యానవనమును తెఱచిరి. తమిళనాడు ప్రభుత్వము 2019లో ఒక సీతాకోకచిలుకను రాష్ట్ర చిహ్నములలో చేర్చినది. అవి గొప్ప కార్యములే. కాని మన పెరటిలో చేయదగినది చిన్నపని. ఎండ తగులుచోట నిమ్మయో కరివేపయో ఒకటి నాటుడు. పెరడు లేనివారికి కుండీ చాలును. తేనెకొఱకు బంతి నాలుగు మొక్కలు చాలును. ఒక మూల మట్టిని తడిగా నుంచుడు. మగ సీతాకోకచిలుకలు తడిమట్టిలోని లవణములను పీల్చుటకు వచ్చును. పురుగుమందు మాత్రము ఆ ఛాయలకు రానీయకుడు. వంటకు కావలసిన ఆకు వంటకుంచుకొని, ఒక్క కొమ్మను విడువుడు. దాని యాకులకు చిల్లులు పడినప్పుడు తెగులు సోకెనని తలపక, ఆకును త్రిప్పి చూడుడు.