పిల్లలు కూర్చునే చోటు

జూన్ 12, 2025

బడి తెరిచాం. సెలవుల్లో బోర్డుకి కొత్త రంగు వేయించారు, నిగనిగలాడుతోంది. మూడో తరగతిలో కుడి గోడ పక్కన కూర్చున్న పాప లెక్క ఎక్కించుకుంటూ మాటిమాటికీ మెడ వంచి చూస్తోంది. ఏమ్మా అని అడిగితే, "అక్కడ తెల్లగా మెరుస్తోంది టీచర్" అంది. వెళ్లి పక్కన కూర్చుని, నా తల ఆ పాప తల ఎత్తుకి దించి చూశాను. ఎడమ గోడకున్న మొదటి కిటికీ వెలుగు బోర్డు మీద పడి తిన్నగా ఈ మూలకే కొడుతోంది. నేను రాసిన 86లో ఆరు లేదు, ఎనిమిది సగమే ఉంది. బోర్డు దగ్గర నిలబడితే మాత్రం అన్నీ చక్కగానే కనిపిస్తాయి.

ఆ ఒక్క కిటికీకి పాత చీర ముక్క కట్టించాను. మిగతావి బార్లా తెరిచే ఉన్నాయి.

జూన్ 19

వెలుతురు వేరు, ఎండ వేరు. 1999లో కాలిఫోర్నియాలోని కాపిస్ట్రానో బడుల్లో లెక్క తీశారు: పగటి వెలుతురు బాగా వచ్చే గదుల్లోని పిల్లలు, అతి తక్కువ వచ్చే గదుల్లోని వాళ్లకంటే ఏడాదిలో లెక్కల్లో 20 శాతం, చదవడంలో 26 శాతం వేగంగా ముందుకెళ్లారు. అదే బృందం 2003లో ఫ్రెస్నోలో చూస్తే, ఎండ నేరుగా లోపలికి పడే గదుల్లో, కళ్లు మిరుమిట్లు గొలిపే గదుల్లో చదువు వెనకబడింది.

మన పాత పెంకుటింటి బడులకి లోతైన వరండా ఉండేది. వెలుతురు వచ్చేది, ఎండ బయటే ఆగేది. స్లాబు గదులు వచ్చాక వరండా ఇరుకైంది, సన్‌షేడ్ జానెడైంది. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందు కోత పడేది వీటికే.

జూలై 17

స్టాఫ్‌రూమ్‌లో అంతా 'ప' ఆకారం గొడవే. 'స్థానార్థి శ్రీకుట్టన్' అనే మలయాళ సినిమా చూసి కేరళలో కొన్ని బడులు వెనక బెంచీ లేకుండా గోడల వెంబడి బల్లలు వేశాయి. తమిళనాడు విద్యాశాఖ కూడా తమిళ 'ప' అక్షరం ఆకారంలో వేయమంది. రోజంతా మెడ తిప్పి కూర్చుంటే నొప్పులొస్తాయని డాక్టర్లు అంటున్నారు.

నాకు తోచింది రాసుకుంటున్నాను. వెనక బెంచీ పోవాలన్న కోరిక న్యాయమైనదే. జర్మనీలో నాలుగో తరగతి పిల్లల మీద చేసిన పరిశీలన ఒకటి 1999లో అచ్చయింది. వరసల్లో కూర్చున్నప్పటికంటే అర్ధచంద్రాకారంలో కూర్చున్నప్పుడు వాళ్లు ఎక్కువ ప్రశ్నలు అడిగారు. కానీ ఎవరి పని వాళ్లు చేసుకోవాల్సినప్పుడు, కూడికలో, చూచిరాతో ఇచ్చినప్పుడు, వరసలే మేలని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. అంటే ఏ ఆకారమూ రోజంతా పనికిరాదు. పొద్దున కథ చెప్పేటప్పుడు ఒకలా, పదకొండింటికి లెక్కలప్పుడు ఒకలా కూర్చోగలగాలి.

మా ఇనుప డ్యూయల్ డెస్కుల్ని కదపాలంటే ఇద్దరు పెద్దవాళ్లు పట్టాలి. పిల్లలు ఈడిస్తే గచ్చు మీద ఆ రొద పక్క తరగతి దాకా పోతుంది. ఇక ఎవరు కదుపుతారు? డెస్కు బరువు టెండరులో రాసినవాళ్లు, తెలియకుండానే, మేం పాఠం ఎలా చెప్పాలో కూడా రాసేశారు. మా బడిలో అందరికంటే స్వేచ్ఛగా ఉన్నది చాపల మీద కూర్చునే ఒకటో తరగతి. రెండు నిమిషాల్లో గుండ్రంగా కూర్చుంటారు, మరో నిమిషంలో నలుగురేసి విడిపోతారు.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లో ఇదే పద్ధతి. ఒకే టీచరు, ఒకే గది, రకరకాల వయసుల పిల్లలు గుంపులుగా నేల మీద కార్డులతో నేర్చుకుంటారు. అది చూసే 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో కృత్యాల బోధన మొదలుపెట్టారు, తర్వాత తమిళనాడంతా పాకింది. అక్కడ గోడల కింది భాగంలో పిల్లలకి అందే ఎత్తులో నల్లబోర్డు పట్టీ ఉంటుంది. ఎవరి చోటు వాళ్లదే. తప్పు రాసినా అందరి ముందుకీ వెళ్లి నిలబడక్కర్లేదు. రంగుల బొమ్మలకి పెట్టే డబ్బులో కొంత ఈ పట్టీకి పెడితే చాలు. వచ్చే గ్రాంటులో తప్పకుండా అడుగుతాను.

ఆగస్టు 21

రేకుల గదిలో పాఠం సగంలో ఆగింది. వాన.

వాన ఆగాక కూడా ఆ గదిలో మాట సరిగా వినబడదు. నాలుగు గోడలూ సిమెంటు, కింద గచ్చు, పైన రేకు. మాట తిరిగి తిరిగి కొడుతుంది. నాలుగో తరగతికి డిక్టేషన్ చెప్పాను. ముందు వరస పిల్లలు 'భారం', 'ధనం' అని రాశారు. వెనక వరసలో ఎక్కువమంది 'బారం', 'దనం' అని రాశారు. వాళ్లనే వేపచెట్టు కిందకి తీసుకెళ్లి, ఇంకో పది మాటలు చెబితే ఒత్తులు దాదాపు అందరికీ కుదిరాయి. ఇన్నాళ్లూ ఆ పిల్లల పేర్ల పక్కన రిజిస్టర్లో 'ఒత్తులు రావు' అనే ఉంది.

న్యూయార్క్‌లో ఒక బడి పక్కనే ఎత్తు వంతెన మీద రైలు వెళ్లేది. పట్టాల వైపు గదుల్లోని పిల్లలు, అవతలి వైపు గదుల్లోని వాళ్లకంటే చదవడంలో బాగా వెనకబడ్డారని, ఆరో తరగతికి వచ్చేసరికి తేడా ఏడాదికి దగ్గరైందని ఆర్లీన్ బ్రాంజాఫ్ట్, డెనిస్ మెకార్తీ 1975లో చూపించారు. పట్టాల కింద రబ్బరు దిండ్లు వేసి, గదుల పైకప్పుకి శబ్దం పీల్చుకునే పలకలు అమర్చాక మళ్లీ చూస్తే ఆ తేడా పోయింది. బడి అదే, పాఠాలు అవే. ఇది చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. మందబుద్ధి అని ముద్ర వేసిన పిల్లల్లో ఎందరు ఊరికే వినబడక వెనకబడ్డారో!

రేకుల కింద వెదురు తడికలు బిగించమని మేస్త్రీ గారిని అడిగాను. "చెద పడుతుందమ్మా" అన్నారు. "మందు కొట్టించి పెట్టండి మేస్త్రీ గారూ, పిల్లలకి నా మాట వినబడాలి" అన్నాను. ఈ ఆదివారం వస్తానన్నారు.

నవంబరు 14

బాలల దినోత్సవం. 2019లో ఇదే రోజు ఒంగోలులో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే 'మన బడి నాడు-నేడు' మొదలైంది. మొదటి విడతలోనే 15 వేలకు పైగా బడులు. నీళ్లొచ్చే మరుగుదొడ్లు వచ్చాయి, తాగునీరు వచ్చింది, ఫ్యాన్లు వచ్చాయి. ఐదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి పోయి తిరిగి రాకపోవడం మా ఊళ్లో తగ్గింది. ఈ ఒక్కదానికే ఆ ఖర్చంతా తగును.

నా పేచీ గోడల బొమ్మలతో. పిట్స్‌బర్గ్‌లో 2014లో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకి కొన్ని పాఠాలు బొమ్మలతో నిండిన గదిలో, కొన్ని ఖాళీ గోడల గదిలో చెప్పారు. బొమ్మల గదిలో చూపు ఎక్కువ చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. అలాగని బోడి గోడలూ మంచివి కావు. ఇంగ్లండ్‌లో పీటర్ బారెట్ బృందం 27 బడుల్లో 153 గదులు, 3,766 మంది పిల్లల్ని చూసి 2015లో చెప్పిందేమిటంటే, పిల్లల ప్రగతిలో కనిపించిన తేడాల్లో 16 శాతం గది వల్లే. రంగులూ అలంకారమూ మరీ ఎక్కువైనా, మరీ తక్కువైనా నష్టమే.

బోర్డున్న గోడని ఖాళీగా ఉంచుతున్నాను. వెనక గోడకి, పిల్లల కంటి ఎత్తులో, పిల్లలు వేసినవే. తలుపు తిరిగే చోట నేల మీద కోణమానిని గీయించాను. బడి కట్టడాన్నే పాఠంగా మార్చాలంటూ 'బాలా' పేరుతో కబీర్ వాజ్‌పేయి వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన ఉపాయం. తలుపు తీసిన ప్రతివాడూ "తొంభై!" అని అరుస్తూ లోపలికొస్తున్నాడు.

జనవరి 22, 2026

రెండు నుంచి ఐదు దాకా ఒకే సైజు డెస్కు. రెండో తరగతి వాళ్ల కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి, పది నిమిషాలకే కదులుతున్నారు. 1907లోనే రోమ్‌లో మాంటిస్సోరి పిల్లల కొలతకి కుర్చీలు చేయించింది. మేం డెస్కుల అడుగున కాళ్లు పెట్టుకోను చెక్క కొట్టించాం. ఎడమచేతి వాళ్లని వెలుతురు కుడి వైపు నుంచి పడేచోటికి మార్చాను.

మార్చి 5

ఇంకా ఒంటిపూట బడులు రాలేదు. మధ్యాహ్నం రెండింటికి స్లాబు కింద పిల్లల కళ్లు మూతపడుతున్నాయి. 2020లో అచ్చయిన అమెరికా అధ్యయనం ప్రకారం ఏసీ లేని బడుల్లో ఏడాది సగటు వేడి ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ పెరిగితే ఆ ఏటి చదువు సుమారు ఒక శాతం తగ్గుతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. మాకు విధానం వచ్చేదాకా ఆగకుండా స్లాబు మీద తెల్ల సున్నం కొట్టిస్తున్నాం. మరోవైపు, తెర మీద పాఠం కనబడాలని హైస్కూలు గదుల్లో కిటికీలు మూసేస్తున్నారు. లోపల ఫ్యాన్ తిప్పేది ఆ వేడి గాలినే.

హెడ్మాస్టర్లకీ, స్కూలు కమిటీ తల్లిదండ్రులకీ, ఇంజినీర్లకీ నా మనవి ఒకటే. బిల్లు మీద సంతకం పెట్టే ముందు, మధ్యాహ్నం రెండింటికి, తలుపులు పాఠం వేళ ఎలా ఉంటాయో అలాగే ఉంచి, ఆఖరి వరసలో గోడవార పిల్లాడి బల్ల మీద కూర్చోండి. బోర్డు మీది లెక్క ఒకటి ఎక్కించుకోండి. టీచరు చెప్పే డిక్టేషన్ పది మాటలు రాయండి. అవి సరిగా వచ్చాకే సంతకం పెట్టండి.