మైదానం అందరిదీ కావాలి

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే మా బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణంగా తీర్చిదిద్దింది. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైనది. ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. చెట్ల నీడలు పరచుకొన్న వీధుల నడుమ నార్త్ ఈస్ట్ ఇన్‌స్టిట్యూట్ మైదానం ఈ కాలనీకి ఊపిరి వంటిది.

పోటీల నాడు ఆడేవారు కొందరే, చూచేవారు అనేకులు. రాత్రంతా బండి నడిపి వచ్చిన లోకో పైలట్ ఉదయపు ఆటకు రాలేడు. ఆ వేళ గృహిణికి వంటింటి పని తెమలదు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక వంటి వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. కనుక డ్యూటీ వేళలను గమనించి, ఉదయం, సాయంత్రం కూడా ఆటలకూ నడకకూ సమయాలు కేటాయించాలని మేము కోరుతున్నాము. కప్పులు గెలవడం ఎంత ముఖ్యమో, ఇంటికొకరైనా మైదానంలో అడుగుపెట్టడం అంత ముఖ్యం.