24 నిమిషాల మియాద్

మదనపల్లెలో కూచుని నేను రాసిన పీహెచ్‌పీ స్క్రిప్టు అది. పుంగనూరు, కుప్పం రిపోర్టర్లు లాగిన్ అయి అందులో వార్తలు పంపేవాళ్లు. ఒకరోజు కుప్పం తమ్ముడి ఫోన్. "భాయ్, పింఛను ఆగిన ముసలమ్మ గురించి గంటసేపు రాశా. పంపు నొక్కితే మళ్లీ లాగిన్ అడిగింది. అంతా పోయింది."

"నీ నెట్టే సరిగా లేదు" అని కసిరాను.

ఇషా నమాజయ్యాక కోడు తెరిచా. కుకీకి 30 రోజుల మియాద్ ఇచ్చాను, సరే. కానీ పీహెచ్‌పీ మామూలు లెక్కలో సర్వర్ తన దగ్గరి సెషన్‌ని కదలిక లేకుంటే 1440 సెకన్లకే, అంటే 24 నిమిషాలకే పారేయొచ్చు. చేతిలో చీటీ ఉంది, దర్వాజా దగ్గరి రిజిస్టర్లో పేరు లేదు! పుంగనూరు నుంచి వచ్చేవి చిన్న వార్తలు, అందుకే అక్కడ షికాయత్ రాలేదు.

జీసీ మ్యాక్స్‌లైఫ్‌టైమ్‌ని 8 గంటలకు పెంచా. ఫోన్ చేశా. "మాఫ్ చెయ్ తమ్ముడూ, కసూర్ నాదే."

"పర్వాలేదు భాయ్. ఆమె దగ్గరికి మళ్లీ పోయొస్తా. గుర్తు తెచ్చుకుని రాస్తే ఆ దర్ద్ రాదు."