తీరిక వేళల పని

"అత్తా, ఇక్కడున్న ఎనిమిది రోజులూ నువ్వు ఏ పనీ చెయ్యకూడదు. నడవడం, కొండెక్కడం, నిద్రపోవడం. అంతే!" అని మా అన్నయ్య కూతురు ఫోన్లోనే షరతు పెట్టింది. తను అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. కరీబియన్ సముద్రంలో సాబా అనే చిన్న దీవిలో మెడిసిన్ చదువుతోంది. ఆ దీవిలో 1992 నుంచి ఒక మెడికల్ కాలేజీ ఉందన్న సంగతి తను చేరేదాకా నాకు తెలియదు. అసలు అలాంటి దీవి ఒకటుందనే తెలియదు.

అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు. చివరి ఆరేళ్లూ ఆమె నా దగ్గరే ఉంది. ముందు చూపు పోయింది, తర్వాత తుంటి ఎముక విరిగింది. నేను రిటైరైన రోజు కాలేజీలో సన్మానం మధ్యలోనే లేచి ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఆమె పోయాక ఇంట్లో పని తగ్గింది గానీ నాకు నిద్ర రావడం మానేసింది. తెల్లవారుజామున మూడింటికి ఉలిక్కిపడి లేచేదాన్ని, ఆమెను ఇంకో పక్కకి తిప్పాలని. పక్కన మంచం ఖాళీగా ఉండేది. మా అన్నయ్య, "నీకు మార్పు కావాలి, వెళ్లిరా" అని టిక్కెట్టు కొని పంపాడు. ఆరేళ్లలో ఆయన చేసిన సేవ ఆ టిక్కెట్టే అని నాలో నేను అనుకోకపోలేదు. అయినా వెళ్లాను.

సాబా విస్తీర్ణం 13 చదరపు కిలోమీటర్లు. జనాభా రెండు వేల చిల్లర. సముద్రంలోంచి నిటారుగా లేచిన అగ్నిపర్వతం అది. సెయింట్ మార్టిన్ నుంచి చిన్న విమానంలో పావుగంట కూడా పట్టదు. 400 మీటర్ల రన్‌వే, దాని రెండు చివర్లా సముద్రమే! నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి తెల్లటి గోడలూ, ఎర్రటి కప్పులూ ఉన్న చిన్న చిన్న ఇళ్లు కొండ వాలు మీద కనిపించాయి. ఇసక తీరాలు లేని దీవి కాబట్టి పెద్ద హోటళ్ల దృష్టి దీని మీద పెద్దగా పడలేదు. వచ్చేవాళ్లు నడవడానికో, సముద్రంలో మునిగి పగడాల దిబ్బలు చూడడానికో వస్తారు. మా బసలో పెట్టిన కాగితం మీద, శరీరానికి శ్రమ, మనసుకు విశ్రాంతి అన్న అర్థం వచ్చే మాటలున్నాయి. నా జీవితంలో ఆ రెండూ ఎప్పుడూ ఒకేసారి రాలేదు. శ్రమ ఉన్న చోట విశ్రాంతి లేదు.

మొదటి రోజు పొద్దున్నే లేచి పక్క దులిపాను, దుప్పట్లు మడిచాను, స్నానాల గది కడిగాను. గది శుభ్రం చెయ్యడానికి వచ్చినావిడ గుమ్మంలో నిలబడిపోయింది. వేరే దేశం నుంచి పనికోసం వచ్చిన మనిషి, నలభై ఏళ్లుంటాయి. నేను గొప్పగా నవ్వి, "మీకు పని తగ్గించాను" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "దయచేసి అలా చెయ్యకండి. పని లేదనుకుంటే నా గంటలు తగ్గిస్తారు" అంది మెల్లగా.

ముప్ఫై రెండేళ్లు ఆడపిల్లలకి అర్థశాస్త్రం చెప్పినదాన్ని. నా మొహం చెల్లలేదు. ఆడవాళ్ల పనిని పనిగా లెక్కగట్టాలని ఎన్ని సెమినార్లలో మాట్లాడి ఉంటాను! ఇంకొకామె కూలి పనిని నా మంచితనంతో మాయం చెయ్యబోయాను. మర్నాటినుంచి పక్క అలాగే వదిలేసి వరండాలో కూర్చోవడం నేర్చుకున్నాను. ఆ కొండమీది మెట్లకంటే అదే కష్టమైంది.

కొండ పేరు మౌంట్ సీనరీ. దాదాపు 880 మీటర్ల ఎత్తు. సాబా 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ కాబట్టి, ఆ రాజ్యం మొత్తంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు ఈ మారుమూల దీవిలో ఉంది. పైకి 1064 మెట్లు. మూడో రోజున బయల్దేరాం. మేనకోడలు ముందు, చేతికర్రతో నేను వెనక. మొదట అరటిచెట్లు, తర్వాత చేమాకుల్ని పదింతలు పెంచినట్టున్న ఆకులు, ఆపైన మనిషిని మించిన ఫెర్న్ చెట్లు. మెట్లకి నాచు పట్టింది. ఒకచోట సన్నటి పాము దారికి అడ్డం వచ్చింది. ఈ దీవిలో విషప్పాములు లేవని తను చెప్పినా పదినిమిషాలు కదల్లేదు నేను. పైకెక్కిన కొద్దీ మబ్బులోకి వెళ్లాం. చెట్లు పొట్టివైపోయాయి, కొమ్మలన్నిటికీ నాచు, దాన్నించి బొట్లు బొట్లుగా నీళ్లు. శిఖరం మీద ఏమీ కనిపించలేదు. అంతా తెలుపే. మోకాళ్లు వణుకుతున్నాయి. ఆ తెలుపులో కూర్చుని, ఎందుకో తెలియదు, ఏడుపొచ్చింది. ఏడు నెలల్లో అదే మొదటిసారి. మేనకోడలు ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది.

దిగుతూంటే తను ఆ దీవి సంగతులు చెప్పింది. 1943లో రోడ్డు మొదటి భాగం పూర్తయ్యేదాకా అక్కడన్నీ మెట్లూ కాలిబాటలే. అలాంటి కొండకి రోడ్డు వెయ్యడం కుదరదని డచ్చి ఇంజనీర్లు తేల్చేస్తే, జోసెఫస్ లాంబర్ట్ హాసెల్ అనే స్థానికుడు పోస్టు ద్వారా ఇంజనీరింగ్ పాఠాలు నేర్చుకుని పని మొదలుపెట్టించాడట. 1972లో రేవు కట్టేవరకు పడవల్లోంచి దింపిన సామానంతా మనుషులు మోయాల్సిందే. పడమటి వైపు సముద్రం నుంచి రాతిలో చెక్కిన ఎనిమిది వందల మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. బస్తాలూ, కలపా, అన్నీ ఆ దారినే నెత్తిమీద. 1863లో బానిసత్వం రద్దయ్యేదాకా ఆ బరువులు మోసినవాళ్లలో బానిసలున్నారు. నేను ఆరోగ్యం కోసం ఎక్కుతున్న మెట్ల వెనక ఆ సంగతీ ఉంది. దానికి నెదర్లాండ్స్ ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2022 డిసెంబరులో.

రోడ్డు వేసినవాడి పేరు అందరూ చెప్తారు. అయితే ఆ దీవికి "ఆడవాళ్ల దీవి" అనే పేరు కూడా ఉండేది. మగవాళ్లు ఓడల మీద నెలల తరబడి, ఆ తర్వాత అరుబా, కురసావ్ చమురు శుద్ధి కర్మాగారాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతే, ఇంటినీ ఊరినీ నడిపింది ఆడవాళ్లే. ఎలా నడిపారు? లేసుతో!

ఆ మాట విని మెట్టు మీదే ఆగిపోయాను. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మ నలభై ఏళ్లు లేసు అల్లింది.

మర్నాడు విండ్‌వర్డ్‌సైడ్ అనే ఊళ్లో, తన ఇంటి ముందు బల్ల మీద లేసు పెట్టి అమ్ముకుంటున్న ఒక పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లింది. ఎనభై దాటి ఉంటాయి. ఇంటి పెరట్లోనే వాళ్ల పెద్దల సమాధులున్నాయి. అక్కడ అది మామూలట. మేరీ గెర్‌ట్రూడ్ జాన్సన్ అనే ఆమె కారకాస్‌లో నన్‌ల దగ్గర ఈ పని నేర్చుకుని పందొమ్మిదో శతాబ్దం చివర్లో సాబాకి తెచ్చింది. మనది క్రోషా సూదితో దారాన్ని అల్లడం. వాళ్లది బట్టలోంచి దారాలు ఒక్కొక్కటే లాగేసి, మిగిలిన దారాల్ని కలిపి కుట్టి పువ్వులు చెయ్యడం. ఆవిడ చేతుల్లోకి చూస్తే మా అమ్మ చేతులే, చూపుడువేలు అలాగే ఒక పక్కకి వంగిపోయి.

అమెరికా నుంచి వచ్చే సరుకు పెట్టెల మీది కంపెనీల చిరునామాలు కాపీ చేసుకుని, ఆ కంపెనీల్లో పనిచేసేవాళ్లకి ఉత్తరాలు రాసి, సాబా ఆడవాళ్లు తమ లేసు తామే పోస్టులో అమ్ముకున్నారు. 1928 నాటికి ఏడాదికి దాదాపు పదిహేను వేల డాలర్ల లేసు దీవి దాటి వెళ్లేదట. వాళ్లేమీ ధనవంతులు కాలేదు. దీపం వెలుతురులో కళ్లు వాళ్లకీ పోయాయి. కానీ ఏ ముక్క ఎవరికి వెళ్లిందో, ఎంతకి వెళ్లిందో వాళ్లకి తెలుసు.

"మీ అమ్మగారి లేసు ఎవరు కొనేవారు?" అని ఆవిడ అడిగింది.

"ఏజెంటు వచ్చి పట్టుకెళ్లేవాడు."

"ఆయన ఎవరికి అమ్మేవాడు?"

నాకు తెలియదు. అమ్మకీ తెలియదు. "సీమకి పోద్దంట" అనేది. దారం ఆయనే ఇచ్చేవాడు, ముక్కలు ఆయనే లెక్కపెట్టుకునేవాడు, పుస్తకం ఆయన చేతిలోనే ఉండేది. మిషనరీలు మొదట క్రైస్తవం పుచ్చుకున్న పేద ఆడవాళ్లకి నేర్పిన పని అది. తర్వాత మా కాపుల ఇళ్లలోకి వచ్చింది. మా ఆడవాళ్లు పొలానికి పోరు, గడప దాటరు, అది మా పరువు. ఆ పరువే ఏజెంటుకి లాభం. గడప దాటని మనిషికి బజారు రేటు ఎలా తెలుస్తుంది? మరియా మీస్ 1982లో తన నరసాపురం లేసు పుస్తకంలో రాసింది ఇదే కదా! రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు ప్రపంచ మార్కెట్ కోసం పనిచేసే ఆడవాళ్లని, ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులని పిలవడంలోనే దోపిడీ అంతా ఉంది. వాల్తేరులో ఎం.ఏ. చదువుతూ ఆ పుస్తకం మీద నేను పేపరు రాశాను. మంచి మార్కులొచ్చాయి. ఆ హాస్టలు ఫీజులో సగం లేసు డబ్బులు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు, "అమ్మా, నీకు ముక్కకి ఎంతిస్తారు?" అని ఒక్కసారైనా అడగలేదు. ఆమె వంట ముగించి సూది పట్టుకుంటే, పాపం తీరిగ్గా కూర్చుంది అనుకునేదాన్ని.

ఆమె పోయాక నింపిన కాగితాల్లో, వృత్తి అని ఉన్న చోట "గృహిణి" అని నా చేత్తో నేనే రాశాను.

ఆ పెద్దావిడ దగ్గర ఒక చేతిరుమాలు కొన్నాను. బేరమాడలేదు. ఎన్ని రోజులు పట్టిందని మాత్రం అడిగాను. నాలుగు అంది. నాలుగు రోజుల్ని చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చున్నాను. లోపల ఆమె గది ఊడుస్తోంది. ఆ రాత్రి వానలో కప్పలు ఈల వేసినట్టు అరుస్తుంటే నిద్రపోయాను, మూడింటికి మెలకువ రాకుండా.

నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరికి గుర్తింపు వచ్చింది, అల్లినవాళ్ల లెక్క ఇంకా మిగిలే ఉంది. తిరిగొచ్చాక అమ్మ పెట్టె తీశాను. అడుగున సగం అల్లిన బల్లగుడ్డ, దానికే గుచ్చి సూది. నాకు అల్లడం రాదు. ఉద్యోగం చేసుకోవాలని ఆమె నాకు నేర్పలేదు. ఆమెతో కలిసి అల్లినవాళ్లు మా ఊళ్లో ఇంకా ముగ్గురున్నారు. వచ్చే నెల నోటుపుస్తకం పట్టుకుని వెళ్తున్నాను. ముక్కకి ఎంతిచ్చేవారో, రోజుకి ఎన్ని గంటలు కూర్చునేవారో అడగాలి. మన అమ్మలు తీరిక వేళల్లో ఏం చేసేవారో, మనలో ఎంతమందిమి లెక్క అడిగాం?