జగదేవ్‌పూర్ అరుగు మీద మందుల శాస్త్రం

గజ్వేల్ దాటి జగదేవ్‌పూర్ దారి పడితే రోడ్డుకు రెండు పక్కలా పత్తిచేలు, గట్ల మీద తాటిచెట్లు. నన్ను వెంటబెట్టుకుని వెళ్లిన పెద్దాయన మానసిక వైద్యుడు. సర్కారు దవాఖానల్లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీలో జీవితకాల సభ్యుడు. సంఘం వార్షిక సదస్సులకు వెళ్లి కొత్త మందుల మీద పరిశోధన పత్రాలు వినీ వినీ, ఆ మందులు ఆస్పత్రి గుమ్మం దాటాక ఏమవుతున్నాయో చూడాలనే పట్టుదల ఆయనకు పుట్టింది. "నువ్వూ రా. చూసింది రాయి" అన్నారు. అట్లా బయల్దేరాం.

ఊళ్లో ఒక ఆశా వర్కర్ మమ్మల్ని కలిసింది. ఏ ఇంట్లో మందులు వాడుతున్నారో, ఎవరు మధ్యలో ఆపేశారో ఆమెకు నోటి లెక్క. ముందే మాట్లాడి, సరేనన్న వాళ్ల ఇళ్లకే తీసుకెళ్లింది. పేర్లు రాయనని మాట ఇచ్చాను.

మొదటి ఇంట్లో ఒక తల్లి, పాతికేళ్ల కొడుకు. ఆమె లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి అరుగు మీద బోర్లించింది. రిస్పెరిడోన్ మాత్రలు, వాటితోపాటు చేతులు వణకకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్. కొన్ని స్ట్రిప్పులు కత్తెరతో ముక్కలు చేసినవి. గడువు తేదీ ఉన్న భాగం ఎక్కడో తెగిపోయింది. డాక్టరుగారు ఒక్కో ముక్కనూ వెలుతురుకు తిప్పి చూస్తూ, అడుగున మిగిలిన మాత్రలు లెక్కపెట్టారు. నెలకిచ్చిన వాటిలో సగానికి పైగా అట్లాగే ఉన్నాయి.

"ఎందుకు ఆపినవ్ బిడ్డా?"

కొడుకు తలెత్తలేదు. తల్లి అందుకుంది: "పత్తి ఏరేటప్పుడు ఆపిండు సారూ. గోలీ ఏసుకుంటే పొద్దుగాల లేవడు. కూలికి ఎట్ల పోతడు? గోలీలు ఏస్తే మంచిగనే ఉంటడు, పంట పోతది. ఏయకపోతే పంట చేతికొస్తది, పిలగాడు ఆగమైతడు."

మొదట జబ్బు చేసినప్పుడు గాలి సోకిందనుకున్నారట. తీగుల్ నర్సాపూర్‌లో కొండపోచమ్మ తల్లికి బోనం ఎత్తి మొక్కు చెల్లించారు. తరువాతే దవాఖానకు పోయారు. డాక్టరుగారు మొక్కును తప్పుపట్టలేదు. "అమ్మకు మొక్కుండ్రి, గోలీ కూడా ఏయుండ్రి" అన్నారు. చీటీ అడిగి చూసి, పొద్దునా రాత్రీ రెండు పూటలా వేస్తున్న మోతాదును ఒక్క రాత్రికే మార్చవచ్చని, వచ్చే నెల దవాఖానకు పోయినప్పుడు అక్కడి డాక్టరుతో తప్పక మాట్లాడాలని చెప్పారు. కొడుకు అప్పుడు తలెత్తి చూశాడు. "పొద్దుగాల నిద్ర రాదా సారూ?" అతను నోరు విప్పి అడిగిన మొదటి మాట అదే.

బయటికొచ్చాక డాక్టరుగారు చెప్పింది విని నా ఆలోచన ఒక దారికొచ్చింది. స్కిజోఫ్రెనియా మందు పనిచేస్తుందా లేదా తేల్చే పరీక్షలు చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ముగుస్తాయి. భ్రమలు ఎంత తగ్గాయి, మాటలో పొంతన ఎంత కుదిరింది అని కొలుస్తారు. పత్తి ఏరే కాలంలో మనిషి పొద్దున్నే లేవగలడా అన్నది ఆ కొలతల్లో ఉండదు. ఆ ఇంట్లో మందు నిలిచేదీ ఆగేదీ మాత్రం దాని మీదే.

మనసు జబ్బులకు మందు కనిపెట్టిన కథలో మన దేశానికి పెద్ద వాటా ఉంది. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ సర్పగంధి వేరు పిచ్చికీ రక్తపోటుకూ పనిచేస్తుందని శాస్త్రీయ పత్రం రాశారు. ఆ వేరు నుంచి 1952లో స్విట్జర్లాండ్‌లో రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడు పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజిన్ ఇచ్చి, గొలుసులు, గదులు తప్ప దారిలేదనుకున్న రోగులు నెమ్మదించడం చూశారు. అంతకు మూడేళ్ల ముందు, 1949లో, ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ లిథియం మహిమను లోకానికి చెప్పారు.

ఇన్ని మందులు ఒక్కసారిగా వచ్చేసరికి, వాటి మంచిచెడ్డలు కలిసి తేల్చే వేదిక కావలసి వచ్చింది. 1957లో జూరిక్‌లో ప్రపంచ మానసిక వైద్యుల మహాసభ జరుగుతున్నప్పుడు కొందరు శాస్త్రవేత్తలు అక్కడి రైల్వే స్టేషన్ భోజనశాలలో కూర్చుని ఒక అంతర్జాతీయ సంఘానికి పునాది వేశారు. మానసిక ఔషధ పరిశోధనకు పుట్టిన ఆ సంఘాన్ని సీఐఎన్‌పీ అంటారు. 1958లో రోమ్‌లో మొదటి మహాసభ జరిగింది. ప్రయోగశాలలో రసాయనాల మీద పనిచేసేవాళ్లూ, వార్డులో రోగిని చూసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్నది దాని మూల సంకల్పం. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ అంతకంటే పదేళ్లు పెద్దది. 1947లో, స్వాతంత్ర్యానికి కొన్ని నెలల ముందు పుట్టింది. సదస్సులు పెట్టడం, పత్రిక నడపడం, ఏ జబ్బుకు ఏ మందు ఎంత మోతాదులో ఎంతకాలం వాడాలో చికిత్సా మార్గదర్శకాలు రాయడం ఇట్లాంటి సంఘాల పని. మారుమూల డాక్టరు ధైర్యంగా చీటీ రాయగలుగుతున్నాడంటే వెనుక ఆ శ్రమ ఉంది. దాన్ని తక్కువ చేయలేం.

జగదేవ్‌పూర్‌కు ఈ చరిత్రలో సొంత చోటు కూడా ఉంది. ఈ మండలం 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లాలో చేరింది. అంతకుముందు మెదక్ జిల్లాది. 1980లలో బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు బళ్లారి జిల్లాలో, మామూలు డాక్టర్లకూ ఆరోగ్య కార్యకర్తలకూ శిక్షణనిచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక చికిత్స అందించవచ్చని చూపించారు. ఆ నమూనాతో 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద ఎంచుకున్న మొదటి నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. తక్కినవి అస్సాంలో నాగావ్, రాజస్థాన్‌లో సీకర్, తమిళనాడులో తిరుచ్చి. ఇంకో సంగతి. మందుల కంపెనీలున్న పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు కూడా పాత మెదక్ జిల్లావే. హైదరాబాద్ చుట్టూ ఎదిగిన ఈ మందుల పరిశ్రమ నుంచే డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001లో డిప్రెషన్ మందు ఫ్లూక్సెటిన్ 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ను 180 రోజుల ప్రత్యేక హక్కుతో అమెరికా బజారులో దింపింది. మందు తయారీ తెలిసిన నేల ఇది. మందును పల్లెకు తెచ్చే ప్రయత్నం ముందుగా చూసిన నేల కూడా ఇదే.

మధ్యాహ్నం ఒక గీత కార్మికుడి ఇంటి ముందు కూర్చున్నాం. మోకు గోడకు వేలాడుతోంది. తాను చెట్టు కల్లు తప్ప అమ్మనని గట్టిగా చెప్పాడాయన. పక్కనే కూర్చున్న నడివయసు మనిషి మాత్రం తన కథ దాచలేదు. పట్నంలో మేస్త్రీ పనికి పోయినప్పుడు సీసా కల్లుకు అలవాటు పడ్డాడు. "అది తాగితెనే నిద్ర. ఒక్కదినం దొరకకపోతే కాళ్లు చేతులు గుంజుడు, ఒళ్లంత వణుకుడు. ఎవరో పిలిచినట్టు ఇనపడుతుండె. ఒకపాలి ఫిట్సు గూడ వచ్చింది సారూ."

కల్లు మానితే ఫిట్సు రావడమేమిటని నాకు అనిపించింది. డాక్టరుగారు వివరించారు. ఆ సీసాల్లో అమ్మే కల్తీ కల్లులో కలిపేవి క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రాజోలం. ఊళ్లలో డైజోఫామ్ అనేది ఈ డైజెపామ్‌నే. చివరి రెండూ ఆందోళనకూ నిద్రలేమికీ మానసిక వైద్యులు రాసే మందులే. 1960ల నుంచి వచ్చిన ఈ జాతి మందులకు మెదడు తొందరగా అలవాటు పడుతుంది. రోజూ తీసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, నిద్ర పట్టకపోవడం, మతి చలించడం, మూర్ఛ. ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు జరిగి అమ్మకం ఆగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో వందల మంది ఈ లక్షణాలతోనే దవాఖానలకు వచ్చారు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నిండిపోయింది.

"వాళ్లకు ఎవరూ చీటీ రాయలేదు, మోతాదు చెప్పలేదు. అయినా వాళ్లు ఏళ్ల తరబడి మా మందు తీసుకున్నవాళ్లే" అన్నారు డాక్టరుగారు. ఆ మనిషిని బతికించిన చికిత్స కూడా అదే శాస్త్రంలోంచి వచ్చింది. అదే జాతి మందును లెక్క ప్రకారం ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ పోవడం. ఇంత మంది మీద, ఇంతకాలం, తెలియని మోతాదులో ఈ మందులు ఏం చేశాయో లోతుగా చదవాల్సిన బాధ్యత మానసిక ఔషధాల మీద పనిచేసే ప్రతి సంఘానిదీ. ఇట్లాంటి పాఠం తేలిగ్గా దొరకదు. దీన్ని పోలీసు కేసుగానో ఎక్సైజ్ దాడిగానో వదిలేస్తే మనుషులకు అన్యాయం చేసినట్టే.

సాయంత్రం దాకా ఇంకొన్ని ఇళ్లు తిరిగాం. బైపోలార్ జబ్బుకు లిథియం వాడుతున్న ఒక అవ్వ ఎండాకాలంలో చేను పనికి పోతుంది. లిథియం రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంటే మందు. చాలా పెరిగితే విషం. చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే ఆ మట్టం పైకి పోతుంది. డాక్టరుగారు ఆమెతో అరుగు మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు: "అవ్వా, వాంతులైనా, విరేచనాలైనా, చేతులు బాగా వణికినా గోలీ ఆపి అదే దినం దవాఖానకు పోవాలె. ఎండల నీళ్లు తాగుడు మానొద్దు." అవ్వ ఆ మాటలనే తన నోటితో తిరిగి చెప్పేదాకా ఆయన లేవలేదు.

క్లోజపిన్ సంగతీ అంతే. తక్కిన మందులు పనిచేయని స్కిజోఫ్రెనియాకు దాన్ని మించింది లేదు. కానీ తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే చాలాచోట్ల మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష నియమం. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఇక్కడి కూలీకి ప్రతి పరీక్షా ఒక దినం కూలి, బస్సు ఛార్జీ, తోడు వచ్చేవాళ్ల కూలి. ఆ ఖర్చు భరించలేక ఎవరైనా మానేస్తే మొండి రోగి అని ముద్ర వేయడం అన్యాయం.

పల్లె మీద పరిశోధన అనగానే జనం వెనకాడడానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారు. 2010లో దాన్ని ఆపేశారు. తరువాత పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మనసు జబ్బు ఉన్నవాళ్ల దగ్గర సమ్మతి తీసుకోవడం ఇంకా నాజూకైన పని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి మాటకు విలువనిచ్చింది. ఆ విలువ కాగితం దాటాలి.

మంచిగా చేసిన పని కూడా మన దగ్గరే ఉంది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు స్మార్ట్ మెంటల్ హెల్త్ పేరుతో చేసిన అధ్యయనంలో ఆశా వర్కర్లు ట్యాబ్‌లెట్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి డిప్రెషన్, ఆందోళన గురించి ప్రశ్నలు అడిగారు. అవసరమైనవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పంపారు. మానసిక జబ్బంటే సిగ్గుపడే అలవాటు పోవడానికి ఊళ్లో ప్రచారం చేశారు. అక్కడ పరిశోధన, వైద్యం చేయీ చేయీ పట్టుకుని నడిచాయి. మాకు దారి చూపిన ఆశా వర్కర్ దగ్గర అట్లాంటి ట్యాబ్ లేదు. ఆమెకు తెలిసిన సంగతులు మాత్రం పరిశోధన పత్రానికి సరిపోయేవి.

తిరుగు ప్రయాణంలో డాక్టరుగారు నోటుబుక్కులో ప్రశ్నలు రాసుకున్నారు. ఏ పంట కాలంలో ఎవరు మందు ఆపుతున్నారు? నెలకోసారి లేదా రెండు వారాలకోసారి ఇచ్చే సూది మందు ఎంతమందికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు, ఎందుకు? కల్తీ కల్లు మానినవాళ్ల జ్ఞాపకశక్తి ఏడాది తరువాత ఎట్లా ఉంటోంది? లిథియం పరీక్ష జగదేవ్‌పూర్‌కు దగ్గర్లో చేయించాలంటే ఏం కావాలి? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన పల్లెల గురించి మనమే అడగాల్సిన ప్రశ్నలు ఇవి.

ఇట్లాంటి ప్రశ్నలు సదస్సు చివరి రోజు, సగం ఖాళీ హాల్లో చదివే పత్రాలుగా మిగలకూడదు. తెలంగాణలో మానసిక వైద్యుల సంఘం సమావేశం ఎప్పుడు జరిగినా ఒక రోజు గజ్వేల్‌లోనో జగదేవ్‌పూర్‌లోనో పెట్టాలని నా కోరిక. ఆశా వర్కర్లకు ముందు వరసలో కుర్చీలు వేసి మాట్లాడించాలి. డబ్బా బోర్లించిన తల్లిని, ఆమెకు ఇష్టమైతే, పిలవాలి. అప్పుడు రాసే మార్గదర్శకాల్లో పత్తి ఏరే కాలానికీ ఎండాకాలానికీ చోటు దొరుకుతుంది.

అప్పటిదాకా ఇళ్లలో మందులు ఆపాలా వద్దా అని తల్లడిల్లేవాళ్లు ఒంటరిగా నిర్ణయించుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవలో తెలుగులో మాట్లాడే సలహాదారులు ఉంటారు. డాక్టరును కలిసినప్పుడు "పొద్దున్నే పనికి పోవాలె, ఈ మందుతో లేవలేను" అని చెప్పడానికి మొహమాటపడొద్దు. చికిత్సను సరిదిద్దేది ఆ మాటే.