జక్కయ్యకు అడ్డమైనది ఎత్తు కాదు



మన ఊళ్లలో పెండ్లి సంబంధాలు చూసేటప్పుడు ఆడపిల్ల రంగు అడిగినట్టే మగపిల్లవాడి ఎత్తు అడుగుతారు. పొలము, ఉద్యోగము, నడవడి అన్నీ నచ్చిన తరువాత కూడా "అబ్బాయి కొంచెం పొట్టి" అనే ఒక్క మాటతో సంబంధము ఆగిపోతుంది. ఆ మాట విన్న అబ్బాయి ఏడవడు, నవ్వేస్తాడు. అందుకే అతని బాధ మనకు కనబడదు.

మా సంఘములోని ఒక తమ్ముడికి అలా మూడు సంబంధాలు తప్పిపోయాయి. "అయ్యగారూ, కాళ్లు పొడవు చేసే ఆపరేషన్ ఉందట. అమ్మ పేరు మీదున్న అరెకరం అమ్మి చేయించుకోనా?" అని అడిగాడు. మేమిద్దరము కోప్పడలేదు. కూర్చోబెట్టి ఆ సంగతి వివరించాము.

1950లలో సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ అనే డాక్టరు, యుద్ధములో ఎముకలు విరిగి నడవలేనివారి కోసము ఈ పద్ధతి కనిపెట్టారు. ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎడము చేస్తారు. ఆ సందులో కొత్త ఎముక పుడుతుంది. 5 సెంటీమీటర్లకు సుమారు 50 రోజులు, అది గట్టిపడడానికి ఇంకా నెలలు. కుంటివారిని నడిపించే ఈ వైద్యము దేవుని దయే. కాని బాగున్న కాళ్లకు చేయించుకుంటే నరాలు దెబ్బతినవచ్చు, చీము పట్టవచ్చు, కీళ్లు బిగుసుకోవచ్చు.

2016లో హైదరాబాదులో ఒక యువకుడు కన్నవారికి చెప్పకుండా ఇది చేయించుకున్నాడని వార్తల్లో చూశాము. అంత నొప్పికి సిద్ధపడేవారు కూడా మనసులోని బాధ ఇంట్లో చెప్పుకోలేరు.

చింతపడి ఎవరూ మూరెడు ఎత్తు పెరగలేరని ప్రభువు చెప్పారు. లక్షలు పోసినా వచ్చేది బెత్తెడే.

లూకా 19వ అధ్యాయములోని జక్కయ్యను చూడండి. అతడు పొట్టివాడు, నిజమే. కాని అతనికి యేసు కనబడకుండా అడ్డము నిలిచినది జనము. పొట్టివాడు ముందు నిలబడితే వెనుకనున్న ఎవరికీ అడ్డము కాడు. అయినా దారి దొరకలేదు, మేడిచెట్టు ఎక్కవలసి వచ్చింది. ప్రభువు ఆ చెట్టు దగ్గరకు వచ్చి, పేరు పెట్టి పిలిచారు. దిగమన్నారు గాని పొడవు కమ్మనలేదు. మరునాడు కూడా జక్కయ్య అదే ఎత్తు. మారినది అతని ఇల్లు, అతని చేయి.

కాబట్టి సంఘమా, "పొట్టోడు" అనే పిలుపు ఈ ఆదివారము నుండి మన నోట రాకూడదు. ఆడపిల్లల తల్లిదండ్రులారా, ముందు నడవడి అడగండి, భక్తి అడగండి. తమ్ముళ్లారా, బాధ ఉంటే కాగితాలు తాకట్టు పెట్టకముందే అమ్మానాన్నలతో చెప్పండి, మాతో చెప్పండి. మనము అడ్డముగా నిలబడిన చోట నుండి ఒక అడుగు పక్కకు జరిగితే చాలు, ఎంతోమంది తమ్ముళ్లు చెట్టు ఎక్కే పని లేకుండా ప్రభువును చూస్తారు.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.